రెండు మందల కోళ్లను ఒక గూట్లో కలిపే ముందు

గౌరవనీయులైన సంపాదకులకు నమస్కారం.

పదిహేను రోజుల కిందట మీ పత్రిక వ్యవసాయ పేజీలో పెరటి కోళ్ల పెంపకం గురించి వచ్చిన వ్యాసాన్ని శ్రద్ధగా చదివాను. నాటుకోడికి ఉన్న గిరాకీ గురించి, వనరాజా, గ్రామప్రియ, రాజశ్రీ వంటి మెరుగైన రకాల గురించి, మహిళా సంఘాల సభ్యులు వీటితో నాలుగు రాళ్లు వెనకేసుకోగల తీరు గురించి అందులో చెప్పినవన్నీ సరైనవే. అయితే కొత్త కోళ్లు ఇంటికి వచ్చిన రోజు ఏం చేయాలన్న దగ్గర మాత్రం, ఉన్నవాటితో కలిపి పెరట్లో వదిలితే సరిపోతుందని ఒకే ఒక్క వాక్యంతో దాటవేశారు. ఆ ఒక్క వాక్యం గురించే ఈ ఉత్తరం. అది చదివి కాకపోయినా, సరిగ్గా అదే ఆలోచనతో నేను ఒక్క నెలలో పదహారు కోళ్లను పోగొట్టుకున్నాను. మా ఊళ్లో నాలాగే పోగొట్టుకుని, దిష్టి తగిలిందనో కాలం బాగాలేదనో సరిపెట్టుకున్నవాళ్లు ఇంకా ఎందరో ఉన్నారు.

మాది నర్సంపేట దగ్గరి ఒక పల్లె. బ్రాంచి పోస్టుమాస్టరుగా పనిచేసి విరమించాను. ఇంట్లో కోళ్లు ఎప్పుడూ ఉన్నాయి గానీ వాటి మంచిచెడ్డలన్నీ మా ఇంటామే చూసుకునేది, నాకు గుడ్లతోనే సంబంధం. మూడేళ్ల కిందట దసరా దాటాక మా తమ్ముడు పిల్లల చదువుల కోసం హనుమకొండకు మకాం మార్చాడు. అద్దె ఇంట్లో కోళ్లకు చోటు ఉండదు కాబట్టి, తనకున్న పద్నాలుగింటినీ రెండు గంపల్లో పెట్టి ఆటోలో తెచ్చి మా వాకిట్లో దించాడు. "వదినా, ఇగ ఇవి నీయే, పండుగకు ఒక్కటి కోసిపెడితే సాలు" అన్నాడు. మాకు అప్పటికి పదకొండు ఉన్నాయి. పద్నాలుగూ పదకొండూ కలిపితే ఇరవై అయిదని లెక్క వేసుకుని సంతోషపడ్డాం గానీ, అవి ఇరవై అయిదు కోళ్లు కావని, రెండు వేర్వేరు మందలని మాకు తోచలేదు.

గంపలు ఎత్తి, నూకలు చల్లాం. తమ్ముడింట్లో పెత్తనం చేసిన ముసలి నల్లపెట్ట అలవాటు కొద్దీ అందరికంటే ముందు నూకల దగ్గరికి వచ్చింది. మా ఎర్రపెట్టకు కూడా అదే అలవాటు. రెండూ మెడ ఈకలు నిక్కబొడుచుకుని, ముక్కులు దాదాపు ఆనేంత దగ్గరగా ఒక్క క్షణం కదలకుండా నిలబడి, ఆ తర్వాత ఒకదాని మీదికొకటి ఎగిరాయి. చుట్టూ ఉన్నవి కూడా తలా ఒకదాన్ని చూసుకున్నాయి. "రెండు దినాలైతే అవే సల్లవడ్తయ్" అంది మా ఇంటామె. పొద్దుగూకగానే అన్నింటినీ కలిపి మట్టిగూట్లోకి తోలి రాతిపలక అడ్డం పెట్టాం. ఆ గూడు నాలుగడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు. రాత్రిపూట పడుకోవడానికి ఒక్కో కోడికి కనీసం ఒకటిన్నర నుంచి రెండు చదరపు అడుగులు ఉండాలని నాకు తర్వాత తెలిసింది. మేమిచ్చింది అర చదరపు అడుగు కూడా కాదు. తెల్లారి పలక తీసేసరికి నల్లపెట్ట మూలన, గోడకూ ఇటుకకూ మధ్య సందులో తల దూర్చి పడి ఉంది. ఇంకెక్కడా దెబ్బ లేదు, తల వెనక భాగాన మాత్రం జుట్టు మొదలు నుంచి మెడ దాకా చర్మం లేదు. పారిపోవడానికి చోటు లేని కోడి తలను దాచుకుంటుంది, మిగతావి ఆ కనిపించే మెడ వెనకే పొడుస్తాయి. మా ఇంటామె దాన్ని ఒళ్లో పెట్టుకుని చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

నిజానికి ఆ దెబ్బలాట మాకు జరిగిన నష్టంలో చిన్న భాగం. పదో రోజున ఒక పెట్ట మేత దగ్గరికి రాకుండా రెక్కలు వాల్చి నిలబడింది, మర్నాటికి అలాంటివి నాలుగయ్యాయి. నోరు తెరిచి గురకతో ఊపిరి పీల్చడం, ఆకుపచ్చా తెలుపూ కలిసిన నీళ్ల రెట్ట, ఆపైన మెడ మెలితిరిగి తల వీపు మీదికి వాలిపోవడం చూసి పశువైద్యుడు ఇది కొక్కెర తెగులు అన్నారు. రాణిఖేత్ అనేది కూడా దీన్నే. 1920ల చివర్లో ఇప్పటి ఉత్తరాఖండ్‌లోని రాణిఖేత్ అనే కొండ ఊరి దగ్గర దీన్ని గుర్తించడంతో మన దేశంలో ఆ పేరు నిలిచిపోయింది. వైరస్ వల్ల వచ్చే జబ్బు కనుక వచ్చాక మందు లేదు, రాకముందు టీకా వేయించుకోవడమే. రెండు వారాల్లో పదిహేను పోయాయి. తమ్ముణ్ని అడగ్గా అడగ్గా తేలిందేమంటే, మా ఇంటికి తేవడానికి వారం ముందు అంగడిలో రెండు పెట్టలు చవకగా దొరికితే కొని వాటిని తన కోళ్లలో కలిపాడు. ఈ జబ్బు సోకిన రెండు రోజుల నుంచి పదిహేను రోజుల లోపు ఎప్పుడైనా బయటపడవచ్చు కాబట్టి మా దగ్గరికి వచ్చిన రోజున వాటిలో ఏ ఒక్కటీ జబ్బుగా కనిపించలేదు. ఎవరి కోళ్లు ఎవరి కోళ్లకు అంటించాయన్న మాట మీద తోడికోడళ్లిద్దరికీ ఆర్నెల్లు మాటల్లేవు, అది వేరే సంగతి.

ఆ తర్వాత నేను ఈ విషయం మీద పట్టుబట్టి నలుగురినీ అడిగాను, దొరికిందల్లా చదివాను. పోస్టాఫీసులో ముప్పై ఏళ్లు పైగా లెక్కలు రాసిన అలవాటు కాబట్టి ఒక నోటుబుక్కు కూడా పెట్టాను. నాకు అర్థమైనంతలో, రెండు మందలను కలిపేటప్పుడు ఎదురయ్యే సమస్యలు రెండు. ఒకటి రోగం, రెండోది పెత్తనం. మనవాళ్లు రెండోదాన్ని చూసి భయపడతారు గానీ మందను తుడిచిపెట్టేది మొదటిది.

పెత్తనం సంగతి ముందు చెబుతాను, ఎందుకంటే అది అర్థమైతే తక్కిన జాగ్రత్తలకు కారణం తెలుస్తుంది. నార్వే దేశస్థుడు థోర్లీఫ్ షెల్డరుప్-ఎబ్బె చిన్నతనం నుంచే కోళ్లను గమనిస్తూ వచ్చి, కోళ్ల మందలో ఏది దేన్ని పొడవవచ్చో, ఏది దేనికి దారి ఇవ్వాలో ఒక ఖాయమైన వరుస ఉంటుందని 1920ల తొలినాళ్లలో రాశాడు. మనుషుల ఆఫీసుల గురించి మాట్లాడేటప్పుడు కూడా ఇప్పుడు వాడుతున్న 'పెకింగ్ ఆర్డర్', అంటే పొడిచే వరుస, అనే మాట పుట్టింది కోళ్లగూట్లోనే. వరుసలో పైనున్న కోడి ముందు తింటుంది, రాత్రి మంచి చోట కూర్చుంటుంది, తనకు నచ్చిన గంపలో గుడ్డు పెడుతుంది. వరుస ఒకసారి కుదిరాక కోళ్లు పెద్దగా పొడుచుకోవు, పైదాని చూపు పడితే చాలు కిందది పక్కకు తప్పుకుంటుంది. అంటే ఈ వరుస కొట్లాటలు పెంచేది కాదు, తగ్గించేది. విచిత్రమేమిటంటే అది ఎప్పుడూ నిచ్చెనలా సూటిగా ఉండదు. మా ఇంట్లోనే ఎర్రపెట్ట బూడిదపెట్టను పొడుస్తుంది, బూడిదపెట్ట చుక్కలపెట్టను పొడుస్తుంది, ఆ చుక్కలది వచ్చి ఎర్రదాన్ని పొడుస్తుంది. కోళ్లు ఒకదాన్నొకటి ముఖాన్ని, తలమీది జుట్టును బట్టి గుర్తు పెట్టుకుంటాయి. కొత్త మంద రాగానే ఒక్కో కోడికి పది పన్నెండు కొత్త ముఖాలతో తేల్చుకోవలసిన లెక్క ఉంటుంది. ఆ లెక్క తేలేదాకా జరిగేదాన్నే మనం కొట్లాట అంటాం. దాన్ని అసలు జరగకుండా చేయడం ఎవరివల్లా కాదు. చావుల దాకా పోకుండా, చోటూ సమయమూ ఇచ్చి తేలనివ్వడమే మన చేతిలో ఉన్నది.

రోగం సంగతి అలా కాదు, అక్కడ సర్దుబాటు కుదరదు. కరోనా కాలంలో మనందరికీ నోటికి అలవాటైన క్వారంటైన్ అనే మాటే కోళ్లకూ వర్తిస్తుంది, కాకపోతే మనకు పద్నాలుగు రోజులన్నారు, కోళ్లకు ముప్పై రోజులు ఉంచడం మంచిది. కొత్త కోళ్లను పాతవాటికి వీలైనంత దూరంగా, కనీసం ముప్పై నలభై అడుగుల అవతల, గాలి వాటి మీదుగా పాతవాటి వైపు వీచని దిక్కున ఉంచాలి. మేత, నీళ్లు, శుభ్రం చేయడం అన్నీ ముందు పాతవాటికి చేసి ఆ తర్వాతే కొత్తవాటి దగ్గరికి వెళ్లాలి. కొత్తవాటి దగ్గరి చీపురు, నీళ్ల మూకుడు, చివరకు మన చెప్పులు కూడా వేరుగా ఉండాలి, ఎందుకంటే రెట్ట ఎక్కువగా ప్రయాణం చేసేది మన చెప్పుల అడుగునే. మా ఇంటామె పశువుల కొట్టం దగ్గర ఒక పాత జత చెప్పులు విడిగా పెట్టింది. మొదట్లో నేను నవ్వాను, ఇప్పుడు నవ్వడం లేదు.

ఆ నెల రోజులూ ఊరికే ఉంచడం కాదు, రోజూ చూడాలి. కోడిని చేతిలోకి తీసుకుని తోక కింద ఈకలను నోటితో ఊదితే, పేలు ఉంటే చర్మం మీద పరుగెత్తుతూ కనిపిస్తాయి, ఈకల మొదళ్లలో వాటి గుడ్లు తెల్లగా ముద్ద కట్టి ఉంటాయి. కాళ్ల మీది పొలుసులు పైకి లేచి గరుకుగా ఉంటే అది పొలుసుల కింద చేరిన సూక్ష్మపురుగు పని. గోమార్లు మాత్రం పగలు కోడి మీద పెద్దగా కనిపించవు, గోడ పగుళ్లలో దాక్కుని రాత్రి వచ్చి రక్తం తాగుతాయి కాబట్టి మట్టిగూళ్లున్నవాళ్లు రాత్రిపూట టార్చిలైటు వేసి చూసుకోవాలి. కంట్లో నురగ, ముక్కులో చీమిడి, ముఖం ఒకవైపు వాపు, దగ్గరికి వెళ్తే దుర్వాసన ఉన్నాయంటే కొరైజా అనే అంటుజబ్బుగా అనుమానించాలి. ఈ కొరైజా, ఎడతెగని గురకతో వచ్చే సీఆర్‌డీ అనేవి పైకి తగ్గినట్టు కనిపించినా కోడి ఒంట్లో మిగిలి ఉండి ఇతర కోళ్లకు అంటుతూనే ఉంటాయి. అందుకే "ఈ కోడి జబ్బుపడి లేచింది, ఇక దానికేం కాదు" అని అమ్మేవాళ్లు చెప్పే మాట కొనేవాళ్లకు భరోసా కాదు, హెచ్చరిక. నులిపురుగుల మందు, రావలసిన టీకాలు ఈ నెలలోనే పూర్తి చేయాలి, ఒంట్లో టీకా పనిచేయడానికి కలపడానికి ముందు కనీసం రెండు వారాలు మిగలాలి. నెల నిండాక పాతవాటిలో ఒకదాన్ని తీసి కొత్తవాటి మధ్య వారం రోజులు ఉంచి చూడడం ఇంకా క్షేమం, ఏదైనా జరిగితే ఒక్కదానితో తెలుస్తుంది. ఆ ఒక్క కోడి మీద జాలి కలుగుతుంది, నిజమే.

రెండోసారి మేము ఈ పద్ధతిలోనే చేశాం. మరుసటి ఏడాది సంక్రాంతి తర్వాత, పిల్లలను రెండు నెలలు పెంచి అమ్మే ఒక కేంద్రం నుంచి పన్నెండు రాజశ్రీ కోళ్లను తెచ్చాం. పాతవి తొమ్మిది మిగిలి ఉన్నాయి. పాత మట్టిగూడును పడగొట్టి, సిమెంటు రేకుతో ఏడడుగుల పొడవు, ఆరడుగుల వెడల్పు గల కొత్త గూడు వేయించాం. దీనివల్ల చోటు సరిపోవడమే కాకుండా ఇంకో మేలు జరిగింది. ఆ గూడు పాతవాటికీ కొత్తవాటికీ సమానంగా కొత్తదే అయింది, ఇది నా ఇల్లని ఎగబడే హక్కు ఎవరికీ లేకపోయింది. కొత్త గూడు కట్టే స్తోమత లేనివాళ్లు కనీసం లోపలి దండెలను, గుడ్ల గంపలను అటూ ఇటూ మార్చినా కొంత ఫలితం ఉంటుంది.

నెల గడిచాక పెరటి మధ్యన ఇనుప జాలి కట్టి ఒకవైపు పాతవాటిని, మరోవైపు కొత్తవాటిని పది రోజులు ఉంచాం. ఒకదానికొకటి కనిపించాలి, ముక్కులు అందకూడదు. జాలికి రెండు వైపులా ఒకే వేళకు మేత వేస్తే పక్కపక్కనే తినడం అలవాటవుతుంది. మొదటి రోజు మా ఎర్రపెట్ట జాలి వెంట అటు నుంచి ఇటు, ఇటు నుంచి అటు తిరుగుతూ మధ్యాహ్నం దాకా మేతే ముట్టలేదు. నాలుగో రోజుకు జాలి పక్కనే దుమ్ములో పొర్లుతూ పడుకుంది. ఆ పది రోజుల్లో నేను చేసిన పెద్ద పని, చేలల్లో పీకేసిన పత్తికట్టెను నాలుగు మోపులు తెచ్చి పెరట్లో అక్కడక్కడా ఆనించి నిలబెట్టడం. మన వరంగల్ వైపు పత్తికట్టెకు కొరత లేదు, మాఘ ఫాల్గుణాల్లో గట్ల మీద కుప్పలుగా కాల్చేస్తుంటారు. తరిమినప్పుడు వాటి వెనక్కి దూరితే తరిమేదాని కంటికి కనిపించకుండా పోతుంది, కంటికి కనిపించకపోతే కోడి కోపం తొందరగానే చల్లారుతుంది. మూలలు మాత్రం ఉండకూడదు, దేని వెనక్కి దూరినా అవతలి వైపు నుంచి బయటికి దారి ఉండాలి. నల్లపెట్ట చచ్చిపోయింది మూలలోనే.

పదకొండో రోజు రాత్రి, పాతవి కొత్త గూట్లో దండెల మీద సర్దుకుని నిద్రలోకి జారాక, కొత్తవాటిని ఒక్కొక్కటిగా ఎత్తుకొచ్చి వాటి మధ్య కూర్చోబెట్టాం. కోళ్లకు చీకట్లో చూపు ఆనదు, ముట్టుకుంటే కొంచెం గొణిగి మళ్లీ తల ముడుచుకుంటాయి. మా ఇంటామె సెల్‌ఫోన్ లైటును కొంగు మడత కింద పట్టుకుని, వేళ్ల సందుల్లోంచి వచ్చే వెలుతురులో ఎక్కడ ఖాళీ ఉందో చూపిస్తుంటే, నేను ఒక్కోదాని కాళ్లు దండెకు ఆనించి, అవి గట్టిగా పట్టుకునేదాకా వీపు మీద చెయ్యి వేసి ఉంచాను. మా ఇంటామె చెయ్యి పడగానే ఎర్రపెట్ట ఒక్క కన్ను తెరిచి, పక్కన ఎవరున్నారో చూడకుండానే మళ్లీ మూసుకుంది. చాలామంది ఇక్కడితో పని అయిపోయిందనుకుంటారు. రాత్రి కలిపినంత మాత్రాన పొద్దున మరచిపోయి స్నేహం చేస్తాయన్నది ఉత్త మాట, తెల్లారగానే కొత్త ముఖాన్ని గుర్తుపడతాయి. రాత్రి కలపడంలో ఉన్న లాభమల్లా, గూట్లోకి వెళ్లే వేళ గుమ్మం దగ్గర జరిగే యుద్ధం తప్పడమే. అందుకే తెల్లవారుజామున వెలుతురు సరిగ్గా పడకముందే తలుపు తీసి ఉంచాలి. ఆ రోజు మేము ఇరవై ఒక్క కోళ్లకు నాలుగు చోట్ల మేత, మూడు చోట్ల నీళ్లు పెట్టాం. ఒక్కచోటే పెడితే పైనున్న రెండు పెట్టలు దాని దగ్గర కాపలా కాసి, కిందున్నవాటిని పస్తు పడుకోబెడతాయి. మక్కల నూక చల్లి, మొదటి గంట అక్కడే కుర్చీ వేసుకుని కూర్చున్నాను.

ఆ గంటలో ఓపిక పట్టడం కష్టం. మెడ సాచి తరమడం, జుట్టు మీద ఒక పోటు, నాలుగు ఈకలు రాలడం జరుగుతూనే ఉంటాయి, ప్రతిసారీ మధ్యలో దూరి విడదీస్తే లెక్క తేలక మర్నాడు మళ్లీ మొదటి నుంచి మొదలవుతుంది. కానీ రక్తం కనిపిస్తే మాత్రం ఒక్క నిమిషం కూడా ఆగకూడదు. కోళ్లకు ఎరుపు కంటపడితే ఆ చోటే పదేపదే పొడుస్తాయి, మొదట కొట్లాటలో లేనివి కూడా వచ్చి చేరతాయి. దెబ్బతిన్నదాన్ని తీసి, గాయాన్ని శుభ్రం చేసి పసుపు అద్ది, మానేదాకా విడిగా ఉంచాలి. అయితే పూర్తిగా కళ్లకు దూరం చేయకుండా జాలి అవతల ఉంచడం మంచిది. వారం పది రోజులు కనిపించకుండా పోయిన కోడి తిరిగి వచ్చేసరికి మిగతావాటికి కొత్తదే.

అదే సూత్రాన్ని మేము తిప్పి వాడుకున్నాం. మూడో రోజుకు కూడా ఎర్రపెట్ట ఒక్కటే కొత్తవాటిని నీళ్ల దగ్గరికి రానివ్వకపోవడంతో, పొడిపించుకున్నవాటిని కాకుండా దాన్నే తీసి నాలుగు రోజులు అవతలి వాకిట్లో ఒంటరిగా ఉంచాం. తిరిగి వదిలేసరికి దాని చోటులో చుక్కలపెట్ట ఉంది. ఎర్రది రెండుసార్లు ప్రయత్నించి, తర్వాత గుంపు మధ్యలో ఎక్కడో ఒదిగిపోయింది. నాలుగు రోజులు ఊళ్లో లేని పెద్దమనిషికి తిరిగొచ్చాక అరుగు మీద చోటు దొరకడం మనుషుల్లోనూ గ్యారంటీ లేదు కదా. మొత్తం సర్దుకోవడానికి మాకు పన్నెండు రోజులు పట్టింది. ఆ రోజుల్లో గుడ్లు సగానికి పడిపోయాయి, మళ్లీ వాటంతట అవే పెరిగాయి.

పుంజుల గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. ఎనిమిది పది పెట్టలకు ఒక పుంజు చాలు. చెరో పుంజు ఉన్న రెండు చిన్న మందలను కలిపేటప్పుడు, ఒక పుంజును ముందే అమ్ముకోవడమో కోసుకోవడమో మేలు. అందులో ఒకటి అసీల్ అనే పందెం కోళ్ల జాతిదైతే ఆలోచించే పనే లేదు.

పిల్లల విషయంలో మాత్రం రెండు పొరపాట్లు మా చుట్టుపక్కల తరచుగా చూస్తున్నాను. అయిదారు వారాల పిల్లలను తెచ్చి పెద్దవాటిలో వదలడం మొదటిది. పరిమాణంలో సగం కూడా లేని పిల్లకు పెద్దకోడి వేసే ఒక్క పోటే ఎక్కువ. అంతేకాక, పాత గూటి నేలలో ఉండే రక్త విరేచనాల జబ్బు క్రిములకు పెద్దవి అలవాటుపడి ఉంటాయి గానీ పిల్లలు తట్టుకోలేవు. మూడు నెలలు నిండి, దాదాపు సమాన పరిమాణానికి వచ్చాకే కలపాలి. తల్లికోడి వెంట ఉన్న పిల్లల సంగతి వేరు, వాటి తరఫున తల్లే మాట్లాడుకుంటుంది. రెండో పొరపాటు దాణాది. గుడ్లు పెట్టే కోళ్ల దాణాలో కాల్షియం మూడున్నర శాతం దాకా ఉంటుంది, ఎదిగే కోళ్లకు ఒక శాతం చుట్టూ ఉంటే సరిపోతుంది. కలిపాక అందరికీ గుడ్లకోళ్ల దాణా వేస్తే ఎదిగే వాటి మూత్రపిండాలు దెబ్బతింటాయి. అందుకని పిల్లలు గుడ్లకు వచ్చేదాకా అందరికీ ఎదిగే కోళ్ల దాణానే వేసి, ఆలుచిప్పల పొడినో సున్నపురాయి పలుకులనో వేరే మూకుట్లో పెడితే, గుడ్లు పెట్టేవి అవసరమైనంత అవే తింటాయి. మే నెల ఎండల్లో మాత్రం ఏ వయసు కోళ్లనూ కలపకండి, వేడికి రొప్పుతున్న కోడికి తరిమితే పరుగెత్తే శక్తి కూడా ఉండదు.

ఇదంతా ఒక ఇంటి సంగతిలా కనిపించవచ్చు. కానీ మన ఉమ్మడి వరంగల్ జిల్లాలో రెండు మందలు కలవడం ఎప్పుడో ఒకసారి జరిగే పని కాదు. కూతురికి పిల్లలకోడిని ఇచ్చి పంపడం, పెట్టలను పాలుకు (వాటాకు) ఇచ్చి కొన్నాళ్లకు తిరిగి తెచ్చుకోవడం, అంగడిలో అమ్ముడుపోనివాటిని సాయంత్రం మళ్లీ ఇంటి గూట్లోనే తోలడం, ఇవన్నీ మందలను కలపడమే. రెండేళ్లకోసారి మాఘమాసంలో వచ్చే మేడారం జాతర ముందైతే ఎక్కడెక్కడి కోళ్లూ మన అంగళ్లకు, అక్కడి నుంచి వనదేవతల గద్దెల దాకా చేరతాయి. మొక్కు చెల్లించగా మిగిలినవి తిరుగు ప్రయాణంలో మన గూళ్లకే వస్తాయి. 2025 ఫిబ్రవరిలో ఉభయ గోదావరి జిల్లాల్లో బర్డ్‌ఫ్లూ బయటపడినప్పుడు, మా ఊళ్లో కోడికూర వండుకోవడం మానేసినవాళ్లు నాకు తెలుసు. అదే వారంలో అంగడి నుంచి తెచ్చిన పెట్టను నేరుగా గూట్లో కలిపింది కూడా వాళ్లే.

టీకాల దగ్గర ఉన్న అసలు చిక్కును కూడా చెప్పాలి. కొక్కెర తెగులు రాకుండా కోడిపిల్లలకు మొదటి వారంలో కంట్లోనో ముక్కులోనో ఒక చుక్క వేసే లాసోటా గానీ, ఎనిమిదో వారంలో రెక్క కింద చర్మానికి వేసే ఆర్‌2బి గానీ ఖరీదైనవి కావు. కానీ ఒక సీసాలో వంద కోళ్లకో అంతకంటే ఎక్కువ కోళ్లకో సరిపడే మందు ఉంటుంది, దాన్ని రెండు నుంచి ఎనిమిది డిగ్రీల చల్లదనంలో ఉంచాలి, ఒకసారి కలిపాక రెండు గంటల్లోపే వాడేయాలి. ఆరు కోళ్లున్న మనిషి ఒక్కడే వెళ్లి అడిగితే ఎవరు మాత్రం సీసా విప్పుతారు? నేనూ అలా రెండుసార్లు తిరిగి వచ్చాను, తప్పు వాళ్లదని కూడా అనలేను. అదే ఊరంతా ఒకే రోజు పొద్దున ఏడు గంటలకల్లా కోళ్లను గంపల కింద కమ్మి ఉంచితే, ఒక్క సీసాతో ఒక వాడకట్టు మొత్తం అయిపోతుంది. పోయినేడు మా వాడలో మహిళా సంఘం వాళ్లు ఇలా చేయించారు. ముందురోజు రాత్రి మైకులో చెప్పించడం తప్ప వాళ్లకైన ఖర్చేమీ లేదు.

కనుక సంపాదకులుగా మీకు నా మనవి ఇది. మీ వ్యవసాయ పేజీలో వేసవికి ముందు ఒకసారి, జాతర ఏడాదైతే జాతరకు నెల ముందు ఇంకోసారి, కొత్త కోళ్లను విడిగా ఉంచడం గురించి, ఊరంతా ఒకే రోజు టీకాలు వేయించుకోవడం గురించి నాలుగు వాక్యాలు తప్పక వేయండి. పథకాల కింద కోళ్లు పంచేవాళ్లు, పిల్లలను పెంచి అమ్మేవాళ్లు, ఏ టీకా ఏ తేదీన వేశారో, తర్వాతిది ఎప్పుడు రావాలో ఒక చిన్న చీటీ మీద రాసి ఇచ్చేలా పశుసంవర్ధక శాఖ వారి దృష్టికి తీసుకెళ్లండి. మామునూరులో పశువైద్య కళాశాల, కృషి విజ్ఞాన కేంద్రం రెండూ ఉన్నాయి. అక్కడి విద్యార్థులు నెలకొక అంగడిలో ఒక బల్ల వేసుకుని కూర్చున్నా, కొన్న కోడి తోక కింద ఈకలు ఊది చూడడం ఎలాగో వందమందికి చూపించవచ్చు. జబ్బుపడిన కోళ్లను అయినకాడికి అంగడిలో అమ్మేయడం, చచ్చినవాటిని చెరువు కట్ట కింద పారేయడం మానుకోవాలని కూడా ఎవరో ఒకరు గట్టిగా చెప్పాలి. అనుమానం వస్తే పశువైద్య సేవల నంబరు 1962కు ఫోన్ చేసి అడగాలి, పోయినవాటిని లోతుగా గొయ్యి తీసి సున్నం చల్లి పూడ్చాలి.

మా మరదలు మొన్న తన తల్లిగారింటి నుంచి మూడు పెట్టలు పంపింది. అవి పశువుల కొట్టం వెనక తడక కట్టిన దడిలో ఉన్నాయి. ఈ రోజుకు పన్నెండో రోజు. ఎప్పుడు కలుపుతారని ఆమె ఫోన్ చేసి అడిగితే, ఇంకా పద్దెనిమిది రోజులున్నాయని మా ఇంటామె లెక్కపెట్టి చెప్పింది.

ఇట్లు,
భవదీయుడు,
ఒక విశ్రాంత బ్రాంచి పోస్టుమాస్టరు,
నర్సంపేట ప్రాంతం, వరంగల్ జిల్లా